కొత్త ఇంటికి ఏ గోడ, ఏ హీటింగ్? జర్మనీలో ఇల్లు కట్టుకుంటున్నవారి సలహాలు కావాలి

గౌతమీతీరం (ఔగ్స్‌బుర్గ్ దగ్గర):

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా జర్మనీలో ఉంటున్నాం. ఔగ్స్‌బుర్గ్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక గ్రామంలో స్థలం కొన్నాం. 150 చదరపు మీటర్ల ఇల్లు, కింద పైన కలిపి రెండంతస్తులు, సెల్లార్ లేకుండా కట్టాలని అనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, ఏడాదిలో నాలుగైదు నెలలు రాజమండ్రి నుంచి మా అమ్మ కూడా వచ్చి ఉంటుంది. ముగ్గురు బిల్డర్ల దగ్గర కొటేషన్లు తీసుకుంటే ముగ్గురూ మూడు రకాల గోడలు చెప్పారు. మొదటివారిది 36.5 సెంటీమీటర్ల ఏఏసీ బ్లాకు (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు), బయట వేరే పొర ఏదీ లేదు. రెండోవారిది 17.5 సెంటీమీటర్ల సున్నపు ఇసుక ఇటుక, దాని మీద బయట 20 సెంటీమీటర్ల థర్మోకోల్. మూడోవారు ఫ్యాక్టరీలో తయారుచేసిన చెక్క ప్యానెళ్లు తెచ్చి రెండు రోజుల్లో నిలబెడతామంటున్నారు.

మా లేఅవుట్‌లో గ్యాస్ లైను లేదు కాబట్టి హీట్ పంపే, అంటే బయటి గాలి నుంచో భూమి నుంచో వేడిని లాగి ఇంటికిచ్చే కరెంటు యంత్రమే పెట్టుకోవాలి. అయితే ఒకరు 9 కిలోవాట్ల గాలి హీట్ పంపు అంటారు, ఇంకొకరు భూమిలోకి బోరు వేయాలంటారు, మూడోవారు చిన్న పంపు చాలు గానీ వెంటిలేషన్ యంత్రం తప్పనిసరి అంటారు. ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరి గోడల్లో లోపాలు చెబుతున్నారు. ముఖ్యంగా థర్మోకోల్ వేస్తే గోడ ఊపిరి తీసుకోలేదని, బూజు పడుతుందని మొదటివారు గట్టిగా చెప్పారు. మా ఇంట్లో రెండు పూటలా వంట జరుగుతుంది కాబట్టి ఆ మాట వినగానే మా ఆవిడకు భయం పట్టుకుంది. ఇప్పటికే కట్టుకున్నవారు, ఈ రంగంలో పనిచేస్తున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఇటుకాసున్నం (స్టుట్‌గార్ట్):

గౌతమీతీరం గారూ, శుభాకాంక్షలు. ఇళ్లకు శక్తి లెక్కలు వేయడమే నా ఉద్యోగం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు మూడు గోడలనూ ఒకే కొలమానంతో చూద్దాం. గోడకు అటూ ఇటూ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి బయటికి పోతుందో చెప్పేదే యూ విలువ. అది ఎంత తక్కువైతే అంత మంచిది. ఏఏసీ బ్లాకు ఉష్ణవాహకత (వేడిని ఎంత సులువుగా దాటనిస్తుందో చెప్పే అంకె) 0.08 అనుకుంటే మీ 36.5 సెంటీమీటర్ల గోడకు యూ విలువ సుమారు 0.21 వస్తుంది. సున్నపు ఇసుక ఇటుక సొంతంగా వేడిని ఆపేది దాదాపు ఏమీ లేదు, దాని ఉష్ణవాహకత 1కి దగ్గరగా ఉంటుంది. కానీ దాని మీద 0.032 రకం థర్మోకోల్ 20 సెంటీమీటర్లు వేస్తే మొత్తం గోడ 0.15కు దిగుతుంది. చెక్క ప్యానెల్ కూడా లోపల నింపే ఊలు (వేడిని ఆపే పీచు) మందాన్ని బట్టి 0.15 దరిదాపుల్లోనే ఉంటుంది.

ఇప్పుడు ఈ తేడా ఎంత విలువైనదో చూడండి. మీ ఇంటికి కిటికీలు పోను 180 చదరపు మీటర్ల గోడ ఉందనుకుందాం. 0.21కీ 0.15కీ మధ్య తేడా 0.06; దాన్ని 180తో గుణిస్తే ప్రతి డిగ్రీకి 10.8 వాట్లు. బయట మైనస్ 13, లోపల 20 డిగ్రీలు ఉన్న గడ్డు రోజున, అంటే 33 డిగ్రీల తేడా ఉన్నప్పుడు, 356 వాట్లు. ఒక చిన్న ఇస్త్రీపెట్టె లాగే కరెంటులో సగం కూడా కాదు. ఏడాది మొత్తానికి మీ ప్రాంతంలో 72 వేల డిగ్రీ గంటలు (లోపలికీ బయటికీ ఉన్న డిగ్రీల తేడాను గంట గంటకూ కూడితే వచ్చేది) లెక్కేస్తే సుమారు 780 యూనిట్ల వేడి అవుతుంది. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో నాలుగు యూనిట్ల వేడి ఇస్తే అది 195 యూనిట్ల కరెంటు. యూనిట్ 30 సెంట్ల చొప్పున ఏడాదికి 58 యూరోలు.

అంటే బిల్డర్లు పోట్లాడుకుంటున్న విషయం ఏడాదికి 58 యూరోల విషయం. దీనిని తీసిపారేయమని నేను అనను, ఇల్లు యాభై ఏళ్లు నిలుస్తుంది కదా. అయితే మిగతా పద్దులు ఇంతకంటే చాలా పెద్దవి. వాటి గురించి కొటేషన్లో ఏం రాశారో చూసి చెప్పండి: గోడ స్లాబును కలిసే చోట, కిటికీ చుట్టూ, పునాది అంచున ఏం చేస్తారు? ఇంటి సందుల్లోంచి గాలి ఎంత కారుతోందో కొలిచే గాలి బిగుతు పరీక్ష ఉందా? గదివారీగా ఉష్ణ నష్టపు లెక్క ఎవరైనా వేశారా? 9 కిలోవాట్లు అన్నవారు ఏ లెక్క మీద అన్నారో నాకు అర్థం కావడం లేదు.

కట్టెఇల్లు (కెంప్టెన్):

మాది చెక్క ఇల్లు, ఇది నాలుగో చలికాలం. ప్యానెళ్లు వచ్చిన రోజు ఉదయం ఏడు గంటలకు క్రేన్ వచ్చింది, మర్నాడు సాయంత్రానికి పైకప్పు పడింది. గోడ మొత్తం 33 సెంటీమీటర్లే కాబట్టి అదే కొలతల ఇటుక ఇంటితో పోలిస్తే లోపల మాకు ఒక చిన్న స్టోర్ రూమంత స్థలం మిగిలింది. తడి పని తక్కువ, అందువల్ల మొదటి చలికాలంలో ఇల్లు ఆరడానికి అదనపు వేడి పెద్దగా అవసరం పడలేదు. ఇటుక ఇళ్లలో ప్లాస్టరు, నేల గచ్చు కలిపి టన్నుల కొద్దీ నీరు ఆరాలి, అది గుర్తుంచుకోండి.

లోపం కూడా చెప్పాలి. వేసవిలో పై అంతస్తు త్వరగా వేడెక్కుతుంది, ఎందుకంటే చెక్క గోడకు బరువు లేదు, పగటి వేడిని దాచుకునే శక్తి తక్కువ. మేం పైకప్పులో మామూలు ఊలుకు బదులు చెక్క పీచు పలకలు వేయించాం, కిటికీలకు బయటివైపు పలకల తెరలు పెట్టించాం. 'బయటివైపు' అన్న మాట ముఖ్యం. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక కర్టెను వేసి లాభం లేదు.

ఇంకొక మాట. 2023 మార్చిలో కేఎఫ్‌డబ్ల్యూ (జర్మన్ ప్రభుత్వ బ్యాంకు) రుణ పథకం మొదలైనప్పుడు ఇల్లు 40 ప్రమాణాన్ని (మాదిరి ఇంటికి కావలసిన శక్తిలో 40 శాతమే) అందుకోవాలన్నారు, దానితోపాటు నిర్మాణ సామగ్రితో సహా ఇంటి జీవితకాలపు హరితగృహ వాయువుల లెక్క కూడా ఒక పరిమితికి లోబడాలన్నారు. చెక్క ఆ లెక్కలో సులువుగా నెగ్గుతుంది. షరతులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే నాటి నిబంధనలే చూసుకోండి, కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందే చూసుకోండి.

గౌతమీతీరం:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇటుకాసున్నం గారూ, మూడు కొటేషన్లూ మళ్లీ తిరగేశాను. గదివారీ లెక్క ఎవరూ వేయలేదు. గాలి పరీక్ష ఒక్క మూడోవారి కాగితంలోనే ఉంది. గోడ, స్లాబు కలిసే చోటు గురించి ఎక్కడా ఒక్క వాక్యం కూడా లేదు. మీరు అది అంత పెద్ద పద్దు అని ఎందుకన్నారో, గోడ ఊపిరి సంగతి ఎంతవరకు నిజమో దయచేసి చెప్పండి.

ఇటుకాసున్నం:

ముందు ఊపిరి సంగతి. గోడ గుండా గాలి పోదు, పోకూడదు కూడా; లోపలి ప్లాస్టరు పని అదే. గోడ గుండా నీటి ఆవిరి కొద్దిగా వ్యాపిస్తుంది, కానీ ఇంట్లో పుట్టే తేమతో పోలిస్తే అది చాలా స్వల్పం. నలుగురున్న కుటుంబంలో వంట, స్నానాలు, బట్టలు, శ్వాస అన్నీ కలిపి రోజుకు పది లీటర్ల దాకా నీరు ఆవిరిగా గాలిలో చేరుతుంది. దాన్ని బయటికి తీసుకుపోయేది కిటికీ లేదా వెంటిలేషన్ యంత్రం, గోడ కాదు. బూజు ఎక్కడ పడుతుందంటే, గోడ లోపలి ఉపరితలం చల్లబడిన చోట. గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు ఉపరితలం 12.6 డిగ్రీల కంటే దిగితే అక్కడి గాలిలో తేమ 80 శాతం దాటుతుంది, బూజుకు అది చాలు, 9.3 డిగ్రీలకు దిగితే నీటి బొట్లే కడతాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకు చెమట పట్టినట్టు. బయట థర్మోకోల్ వేసిన గోడ లోపలి ముఖం 19 డిగ్రీలు ఉంటుంది. కాబట్టి థర్మోకోల్ బూజు పట్టిస్తుందన్న మాట తలకిందుల మాట. థర్మోకోల్ గోడకు నిజమైన లోపం వేరే ఉంది: దాని పైనుండే పల్చని ప్లాస్టరు రాత్రి బాగా చల్లబడి మంచు తడి పట్టి ఉత్తరం వైపు నాలుగైదేళ్లకు పచ్చగా నాచు కడుతుంది. ఇంటి చూరు ముందుకు ఉంటే అది చాలావరకు తగ్గుతుంది.

ఇక కలిసే చోట్లు. వేడికి ఇవి వంతెనల లాంటివి. ఎవరూ ఏ లెక్కా వేయకపోతే జర్మన్ నిబంధన ఇంటి బయటి ఉపరితలం మొత్తానికి చదరపు మీటరుకు, డిగ్రీకి 0.10 వాట్ల అదనపు నష్టాన్ని కలుపుతుంది. డీఐఎన్ 4108 అనే జర్మన్ ప్రమాణపు అనుబంధంలో చూపిన మాదిరి వివరాలను పాటిస్తే 0.05 చాలు, ప్రతి జంక్షనునూ విడిగా లెక్కిస్తే ఇంకా తగ్గుతుంది. మీ ఇంటికి గోడ, కిటికీ, పైకప్పు, నేల కలిపి 400 చదరపు మీటర్లు అనుకుంటే 0.10 నుంచి 0.05కు దిగడం అంటే డిగ్రీకి 20 వాట్లు. ఇందాక మనం గోడల మధ్య చూసిన తేడా 10.8. అంటే మధ్యలో ఏ ఇటుక ఉందన్నదానికంటే అంచుల్లో పని ఎలా చేశారన్నది దాదాపు రెండింతలు విలువైనది.

ఉదాహరణకు మీ నక్షాలో బాల్కనీ ఉందనుకోండి. తులసి కోటకో, బట్టలారేయడానికో మనవాళ్లు తప్పకుండా బాల్కనీ కోరుకుంటారు. లోపలి స్లాబునే బయటికి పొడిగించి బాల్కనీ చేస్తే ఆ కాంక్రీటు పలక చలికాలమంతా గదిలోని వేడిని బయటికి తోడుతూనే ఉంటుంది, ఆ గది మూలలో బూజు మొదలవుతుంది. స్లాబుకూ బాల్కనీకీ మధ్యలో వేడిని ఆపే పొర ఉన్న ఇనుప కూర్పు పెట్టించండి, లేదా బాల్కనీని ఇంటికి ఆనుకుని సొంత స్తంభాల మీద విడిగా నిలబెట్టించండి. అలాగే ఏఏసీ గోడ పునాది మీద కూర్చునే మొదటి వరుస, పైకప్పు కింద గోడల మీద చుట్టూ పోసే రింగ్ బీము, రోలర్ షట్టర్ పెట్టె, ఈ మూడింటి గీతలు బిల్డరును అడిగి తీసుకోండి. గీత ఇవ్వలేనివారు సైటులో ఏం చేస్తారో ఊహించుకోవచ్చు.

మంజీర (లైప్‌జిగ్):

హీట్ పంపు సైజు విషయంలో మా అనుభవం చెబితే మీకు ఉపయోగపడుతుంది. మాది 145 చదరపు మీటర్లు, 2021లో చేరాం. బిల్డరు "పెద్దది ఉంటే మంచిదే కదా" అని 12 కిలోవాట్లది పెట్టారు. మొదటి చలికాలంలో బిల్లు చూసి గాభరాపడి రోజూ యంత్రం తెర మీద అంకెలు రాసుకోవడం మొదలుపెట్టాను. బయట 7 డిగ్రీలు ఉన్న ఒక మామూలు రోజున అది నలభై ఒక్కసార్లు ఆగి మళ్లీ మొదలైంది. పది నిమిషాలు గర్రుమని తిరగడం, నీళ్లు వేడెక్కి ఆగిపోవడం, మళ్లీ తిరగడం. ఇంటికి ఆ రోజున కావలసింది కిలోవాటున్నర, యంత్రం కనీసంగా ఇవ్వగలిగింది నాలుగు. అందుకే ఆ తంతు.

యంత్రాన్ని మార్చలేం కాబట్టి ఉన్నదాన్ని సర్దుకున్నాం. అన్ని గదుల థర్మోస్టాట్లనూ పూర్తిగా తెరిచి ఉంచాం, అప్పుడు నీరు ఇల్లంతా తిరుగుతుంది, వేడి పట్టే చోటు పెరుగుతుంది. ప్రతి పైపుకూ ప్రవాహాన్ని సరిచూసే పని ఇన్‌స్టాలర్ చేయనేలేదు. ఇంకొక మనిషిని పిలిపించి చేయించాం. నీటి ఉష్ణోగ్రతను 42 నుంచి వారానికి ఒక్కో డిగ్రీ చొప్పున తగ్గిస్తూ 33కు తెచ్చాం. రాత్రి తగ్గించి పొద్దున పెంచే టైమరు తీసేశాం. రోజుకు నలభై ఒకటి కాస్తా పదకొండుకు వచ్చింది, ఇల్లు మునుపటి కంటే సమంగా వెచ్చగా ఉంది. ఒక్కో డిగ్రీ తగ్గిస్తే రెండు, రెండున్నర శాతం కరెంటు ఆదా అవుతుందంటారు, మా బిల్లులో అది కనబడింది. దయచేసి గదివారీ లెక్క లేకుండా ఏ యంత్రానికీ ఒప్పుకోకండి.

పాలపిట్ట (హనోవర్):

గౌతమీతీరం గారూ, మీ ఆవిడ గారి భయం నాకు తెలుసు, మేమూ అదే భయంతో మొదలుపెట్టాం. పోపు వాసన ఇల్లంతా తిరుగుతుందని, కుక్కర్ ఆవిరికి గోడలు తడుస్తాయని. మా ఇంట్లో వెంటిలేషన్ యంత్రం ఉంది, అది వంటింటి నుంచి, బాత్‌రూముల నుంచి పాత గాలిని లాగుతుంది, పడకగదులకూ హాలుకూ కొత్త గాలిని ఇస్తుంది, మధ్యలో పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందిస్తుంది. మూడేళ్లలో గోడ మీద ఒక్క మచ్చ లేదు. అద్దె ఫ్లాటులో ఉన్నప్పుడు ప్రతి జనవరిలో బీరువా వెనక గోడ తుడిచేదాన్ని.

అయితే ఆ యంత్రం పోపు పొగను లాగడానికి సరిపోదు. దానికి పొయ్యి మీద వేరే చిమ్నీ కావాలి. బయటికి గొట్టం ఉన్న చిమ్నీ పెడితే చలిగాలి ఆ గొట్టంలోంచి వెనక్కి వస్తుంది కాబట్టి, మోటారుతో బిగుతుగా మూసుకునే మూత ఉన్నది తీసుకోవాలి. మేం గొట్టం లేకుండా బొగ్గు ఫిల్టరు ఉన్న చిమ్నీ పెట్టుకున్నాం. ఆవాలు, ఇంగువ వాసన పూర్తిగా పోదు గానీ అరగంటలో తగ్గిపోతుంది. ఎండు మిరపకాయలు వేయించే రోజున ఇప్పటికీ కిటికీ తీస్తాం, తీయకూడదని ఎవరూ చెప్పలేదు. వంటింట్లో పీల్చే రంధ్రానికి నూనె ఆపే ఫిల్టరు తప్పకుండా పెట్టించండి, నెలకోసారి కడగండి. మనం కడిగే నీళ్ల రంగు చూస్తే అది లేకపోతే గొట్టాల్లో ఏం పేరుకునేదో తెలుస్తుంది.

పూజగది గురించి కూడా ఒక మాట. రోజూ దీపం, అగరుబత్తి ఉంటే ఆ గదిలో గాలి లాగే రంధ్రం ఉండేలా ప్లాను దశలోనే చెప్పండి, తర్వాత గోడ పగలగొట్టడం కష్టం.

ఇటుకాసున్నం:

పాలపిట్ట గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. 375 ఘనపు మీటర్ల ఇంట్లో గంటకు 150 ఘనపు మీటర్ల గాలి మార్చాలనుకుంటే, కిటికీ తెరిచి మార్చినప్పుడు ఆ గడ్డు రోజున దాదాపు 1,680 వాట్లు గాలితో పోతాయి. 80 శాతం వేడిని వెనక్కి తెచ్చే యంత్రం ఉంటే పోయేది 340 వాట్లే. ఏడాదికి సుమారు 2,900 యూనిట్ల వేడి, అంటే హీట్ పంపులో 730 యూనిట్ల కరెంటు మిగులుతుంది. చలికాలంలో ఫ్యాన్లు తినేదాన్ని ఒక 225 యూనిట్లు తీసేసినా 500 యూనిట్లు మిగులు, దాదాపు 150 యూరోలు. ఆ డబ్బుతో యంత్రం ఖరీదు త్వరగా రాదు, అది ఒప్పుకోవాలి. దాన్ని పెట్టుకునేది ముఖ్యంగా తేమ కోసం, రాత్రి కిటికీ మూసి నిద్రపోయే గదుల్లో మంచి గాలి కోసం.

శేషాచలం (ఉప్సాలా):

స్వీడన్‌లో మేం బోరు హీట్ పంపుతో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. లోతున భూమి ఏడాది పొడవునా దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది కాబట్టి బయట మైనస్ 20 ఉన్నా యంత్రానికి తేడా తెలియదు, పెరట్లో ఫ్యాను చప్పుడు ఉండదు. కానీ మాది పాత ఇల్లు, వేడి ఎక్కువ కావాలి, అందుకే బోరు ఖర్చు గిట్టింది. గదివారీ లెక్క వేశాక మీకు నాలుగైదు కిలోవాట్లే చాలని తేలితే బోరుకు పెట్టే అదనపు డబ్బు వెనక్కి రావడం కష్టం. నీటి రక్షణ ప్రాంతమైతే చాలాచోట్ల అనుమతే దొరకదు, ముందు అది కనుక్కోండి.

బౌనది (కాల్గరీ):

ఇక్కడ మైనస్ 30 మామూలే, గ్యాస్ ఫర్నేసు ఊదే వేడిగాలితోనే దాదాపు అన్ని ఇళ్లూ నడుస్తాయి, గోడలు చెక్క చట్రం. అందువల్ల యంత్రం గురించి నేను చెప్పగలిగింది లేదు. కానీ ఆవిరిని ఆపే ప్లాస్టిక్ పొర గురించి కట్టెఇల్లు గారు రాయలేదు కాబట్టి చెబుతున్నాను. చెక్క గోడలో ఆ పొర లోపలివైపు ఉంటుంది. మా ఎలక్ట్రీషియన్ ప్లగ్గుల కోసం దాన్ని కోసి టేపు వేయకుండా వదిలేశాడు. రెండో చలికాలానికి ఆ చోట ఊలు తడిసి ముద్దయింది. పొరకు ముందు ఐదారు సెంటీమీటర్ల ఖాళీ ఉంచి వైర్లన్నీ అందులోనే నడిపిస్తే ఆ బాధ ఉండదు.

మూసీఒడ్డు (హైదరాబాద్):

చర్చ చాలా బాగుంది. మేం కొంపల్లిలో కట్టుకుంటున్నాం, మాకు చలి కాదు, ఎండ సమస్య. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు బదులు ఏఏసీ వేస్తే ఏసీ బిల్లు తగ్గుతుందా?

ఇటుకాసున్నం:

తగ్గుతుంది, కానీ మీ దగ్గర వరుస వేరు. తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ యూ విలువ 2 దాకా ఉంటుంది, ఇక్కడి గోడకు పదింతలు. అయినా మీకు ముందు చూడవలసింది పైకప్పు, పడమటి కిటికీలు. 2018 డిసెంబరులో వచ్చిన ఎకో నివాస్ సంహిత, అంటే ఇళ్లకు కేంద్రం తెచ్చిన శక్తి పొదుపు నియమావళి, పైకప్పు యూ విలువకు 1.2 పరిమితి పెట్టింది. ఏమీ వేయని కాంక్రీటు స్లాబు దాన్ని అందుకోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా చదవండి. స్లాబు మీద ఇన్సులేషన్, దాని మీద తెల్లని పూత, కిటికీల మీద సజ్జాలు, ఆ తర్వాతే గోడ. దీనికి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

గౌతమీతీరం:

మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, క్షమించండి. మీరంతా చెప్పినట్టే స్వతంత్ర ఇంజనీరుతో గదివారీ లెక్క వేయించాం. 0.15 గోడ, మూడు పొరల గాజు, వెంటిలేషన్ యంత్రం, జంక్షన్లకు 0.05 తీసుకుంటే మైనస్ 13లో ఇంటికి కావలసింది 4 కిలోవాట్లు. నలుగురి స్నానాల నీళ్లకు ఇంకొక కిలోవాటు. మాకు చెప్పిన 9 ఎక్కడ, ఈ 5 ఎక్కడ!

గోడల్లో సున్నపు ఇసుక ఇటుకకే మొగ్గుతున్నాం. చెక్క ఇల్లు చాలా నచ్చింది కానీ మా ఇంటి పక్కనే రోడ్డు ఉంది, బరువైన గోడ చప్పుడు ఆపుతుంది, వేసవిలో చల్లగానూ ఉంటుంది. థర్మోకోల్‌కు బదులు రాతి ఊలు వేయించే ఖర్చు అడిగాం. బాల్కనీని నాలుగు స్తంభాల మీద విడిగా నిలబెట్టేలా ఆర్కిటెక్టు నక్షా మార్చారు. యంత్రం లోపల వేడిని మోయడానికి ప్రొపేన్ వాయువును వాడే, కరెంటుతో నడిచే గాలి హీట్ పంపు, నేల కింద పైపులు 10 సెంటీమీటర్లకు ఒకటి, నీటి ఉష్ణోగ్రత 33.

రెండు సందేహాలు మిగిలాయి. ఆ యంత్రాన్ని ఎక్కడ పెట్టాలి? అంత తక్కువ వేడి నీటితో నేల వెచ్చగా తగులుతుందా? మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, నేల వెచ్చగా ఉంటుందని చెప్పి పిలుస్తున్నాం.

మంజీర:

నేల సంగతి నేను చెబుతాను. వెచ్చగా తగలదు, చల్లగానూ తగలదు. మా అత్తగారు కరీంనగర్ నుంచి వచ్చిన మొదటి రోజు వంగి అరచేయి నేల మీద పెట్టి "ఇది పని చేయడం లేదమ్మా" అన్నారు. గది 21 డిగ్రీలు, నేల 23 డిగ్రీలు. అరచేయి అంతకంటే వేడిగా ఉంటుంది కాబట్టి తాకితే వెచ్చదనం తెలియదు. 4 కిలోవాట్లను 150 చదరపు మీటర్లకు పంచితే చదరపు మీటరుకు 27 వాట్లే, దానికి అంతకంటే మరీ వేడి నేల అక్కర్లేదు. థర్మోస్టాట్ పెంచితే వెంటనే ఏమీ జరగదు, గచ్చు వేడెక్కడానికి సగం రోజు పడుతుంది, అప్పటికి అందరూ చెమటలు పడతారు. అమ్మగారి గదిలో పైపులు ఇంకా దగ్గరగా వేయించండి, కుర్చీ దగ్గర చిన్న తివాచీ పరవండి. బాత్‌రూములో నేల తక్కువ, కావలసిన వేడి ఎక్కువ కాబట్టి అక్కడ గోడలో కూడా పైపులు వేయించుకోవాలి. మేం వేయించలేదు, ఇప్పుడు ప్రతి ఉదయం బాధపడుతున్నాం.

ఇటుకాసున్నం:

యంత్రం చోటు గురించి: సాధారణ నివాస ప్రాంతంలో రాత్రిపూట పక్కింటి కిటికీ దగ్గర 40 డెసిబెల్స్ దాటకూడదు, పూర్తి నివాస ప్రాంతంలో 35. రెండు గోడల మధ్య మూలలో పెడితే చప్పుడు ప్రతిధ్వనించి పెరుగుతుంది, వీలైతే రోడ్డు వైపు పెట్టండి. ప్రొపేన్ గాలి కంటే బరువైనది కాబట్టి యంత్రం చుట్టూ తయారీదారు చెప్పిన దూరంలో నేల మట్టానికి కిటికీగానీ, మురుగు జాలీగానీ, గొయ్యిగానీ ఉండకూడదు. యంత్రం నుంచి కారే నీరు గడ్డకట్టకుండా కంకర గుంటలోకి లోతుగా దించాలి.

గౌతమీతీరం:

ఒక్క చివరి ప్రశ్న. గాలి బిగుతు పరీక్షను బిల్డరు ఇల్లు అప్పగించే ముందు చేస్తామంటున్నారు. అది సరేనా?

ఇటుకాసున్నం:

అప్పుడు చేస్తే అంకె తెలుస్తుంది కానీ సరిచేయడానికి ఏమీ మిగలదు. కిటికీలు బిగించాక, లోపలి ప్లాస్టరు ఆరాక, నేల గచ్చు పోయకముందు ఒకసారి తప్పకుండా చేయించండి. అప్పగింత సమయంలో రెండోసారి. వెంటిలేషన్ యంత్రం ఉన్న ఇంటికి 50 పాస్కల్ ఒత్తిడిలో గంటకు 1.5 సార్లకు మించి గాలి మారకూడదన్నది చట్టపు పరిమితి. 1991లో డార్మ్‌స్టాట్‌లో మొదటివి కట్టిన పాసివ్ ఇళ్లకు, అంటే చాలా తక్కువ హీటింగ్‌తో గడిచే ఇళ్లకు, వాడుకలో ఉన్న అంకె 0.6. మీరు కాంట్రాక్టులో 1.0 రాయించండి.

ఇటుక ఇంట్లో గాలిని ఆపేది లోపలి ప్లాస్టరే అని మొదట్లో అన్నాను. అందుకని ప్లాస్టరు గచ్చు మట్టం దగ్గర ఆగిపోకుండా కాంక్రీటు స్లాబు దాకా దిగిందా, మెట్లు బిగించకముందే మెట్ల వెనక గోడకు వేశారా, బాత్‌రూములో గొట్టాలు కప్పే తొడుగు గోడ వెనక వేశారా అని మీరే వెళ్లి చూడండి. ఈ మూడు చోట్లా తాపీ మేస్త్రీలు వదిలేయడం నేను చాలా ఇళ్లలో చూశాను. పరీక్ష రోజున ఫ్యాను ఇంట్లోంచి గాలి లాగుతుండగా ఒక అగరుబత్తి వెలిగించి ప్రతి ప్లగ్గు పెట్టె దగ్గర, కిటికీ మూలల దగ్గర, పైకప్పు గొట్టాల దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకు వంగి గదిలోకి పరిగెత్తితే అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టండి.

గౌతమీతీరం:

చాక్‌పీసులు, అగరుబత్తులు రెండూ ఇంట్లోనే ఉన్నాయి. మొదటి పరీక్షను సెప్టెంబరు రెండో వారానికి కాంట్రాక్టులో రాయించాను, అంకె 1.0 కే ఒప్పుకున్నారు. ఫలితం వచ్చిన రోజునే ఇక్కడ రాస్తాను.